తాతయ్యకు వినబడే పాట

(ఇంటివారితో కాసేపు)



ఆ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ యువకుడొకడు నన్ను వేపచెట్టు క్రిందికి పిలిచి, "బాబాయ్‌గారూ, ఒక సలహా కావాలి" అన్నాడు. పెళ్ళి సంబంధమో, ఉద్యోగమో అనుకున్నాను. విషయం అది కాదు. వాళ్ళింట్లో పాత కారు ఒకటి కొన్నారు. అందులో పాటలు సరిగా వినబడటం లేదు. పట్నంలో అడిగితే 28,000 రూపాయలు అవుతుందన్నారట. నెలనెలా వాయిదాల మీద కట్టవచ్చునని కూడా చెప్పారట. "పెట్టించమంటారా?" అని అడిగాడు.

అప్పు చేసి పప్పు కూడు తిన్నట్టు, వాయిదాల మీద పాటలు వినడమెందుకని నా నోటి వరకు వచ్చింది. కాని అతనిని కోప్పడే అర్హత నాకు లేదు. మూడేళ్ళ క్రితం మా ఇంట్లో జరిగిన సంగతి గుర్తుకు వచ్చింది. ఆ రోజు అతనికి చెప్పినదే ఈ నెల మీకూ వ్రాస్తున్నాను. మాకు కారు లేదు గదా అని పేజీ త్రిప్పవద్దు. ఆటో అయినా, ట్రాక్టరయినా, సంఘము వారి సువార్త బండి అయినా ఇందులో చాలా సంగతులు ఒక్కటే.

మేము చేసిన పొరపాటు

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. బస్సులో ప్రయాణం చేయలేని వయస్సు వచ్చింది. గుడి మా ఊరికి 18 కిలోమీటర్ల దూరం. ఆయన కోసమే తొమ్మిదేళ్ళు వాడిన కారు ఒకటి కొన్నాము. అందులో పాత స్టీరియో సెట్టు, చిరిగిపోయిన స్పీకర్లు ఉన్నాయి. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, స్నేహితుల కార్లు చూసి వచ్చి, "నాన్నా, బేస్ బాక్స్ పెట్టిద్దాం" అన్నాడు. నేనూ సరేనన్నాను. 9,500 రూపాయలు పెట్టి యాంప్లిఫైయరుతో సహా పెద్ద పెట్టె ఒకటి డిక్కీలో అమర్చారు. ఇంటికి వస్తుంటే అద్దాలు వణికాయి. మా వాడి ముఖం వెలిగిపోయింది.

ఆ వచ్చే ఆదివారం గుడికి బయలుదేరాము. నాన్నగారు ఎప్పటిలాగే వెనుక సీటులో కూర్చున్నారు. యాభై ఏళ్ళపాటు గాయక బృందంలో పాడిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరవకుండా పాడగలరు. కొంతసేపు విని, "ఒరే, ఏ పాటరా అది? దడదడ వినబడుతోంది గాని ఒక్క మాట తెలియడం లేదు" అన్నారు. మా వాడు శబ్దం ఇంకా పెంచాడు. ఆయన ఇంకేమీ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

నెల గడిచింది. ఒక రాత్రి ఉజ్జీవ కూటముల నుండి తిరిగి వస్తున్నాము. కారులో నాన్నగారు, నా భార్య, పిల్లలు ఉన్నారు. ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చింది. బండి ఆపి బానెట్ ఎత్తితే సన్నగా పొగ. పానాతో బ్యాటరీ వైరు విప్పి లాగేశాను. చీకట్లో, చేలగట్టు మీద నాన్నగారిని కూర్చోబెట్టి సహాయం కోసం ఎదురుచూసిన ఆ గంటసేపు నేను చేసిన ప్రార్థన నాకు తెలుసు, దేవునికి తెలుసు.

తెల్లవారి మా సంఘములోనే ఉన్న ఒక పెద్దాయన వచ్చి చూశారు. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా కారు ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నారు. యాంప్లిఫైయరుకు కరెంటు తెచ్చే వైరును బ్యాటరీ నుండి సూటిగా, రేకుకు రంధ్రం చేసి లోపలికి లాగారు. ఆ రంధ్రానికి రబ్బరు లేదు. వైరుకు ఫ్యూజు లేదు. బండి కుదుపులకు రేకు అంచు వైరు తొడుగును కోసింది. రాగి రేకుకు తగిలింది. "ఇంకో నాలుగు కిలోమీటర్లు పోనిస్తే మంటలే" అన్నారాయన.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని. ఆ పెద్దాయనే తరువాత కొద్ది ఖర్చుతో సరిచేసి, మా అబ్బాయిని ప్రక్కన కూర్చోబెట్టుకుని సంగతులన్నీ నేర్పించారు. నేనూ ప్రక్కనే కూర్చుని విన్నాను.

మాట ఎందుకు వినబడలేదు?

ఆయన మొదట చెప్పింది ఇది. పాటలో దడదడమనే మోత సెకనుకు సుమారు 40 నుండి 100 కంపనాల శబ్దం. మాటలోని అచ్చులు దానికి పైన ఉంటాయి. మాటను మాటగా తెలియజేసే హల్లులు, అనగా స, త, ట, క వంటి అక్షరాల స్పష్టత, ఎక్కువగా 2,000 నుండి 4,000 కంపనాల ప్రాంతంలోను, ఆపైన ఉంటుంది. క్రింది శబ్దం మరీ ఎక్కువైతే పైనున్న సన్నని శబ్దాలను కప్పివేస్తుంది. కదులుతున్న కారులో టైర్ల హోరు, ఇంజను హోరు కూడా క్రింది శబ్దమే. వాటికి బేస్ బాక్స్ తోడైతే హల్లులు మిగలవు.

వయస్సు మళ్ళిన వారికి ఇంకొక కష్టం కలదు. వృద్ధాప్యంలో వినికిడి ముందుగా పై శబ్దాల దగ్గరే తగ్గుతుంది. అందుకే తాతయ్యలు, అమ్మమ్మలు "వినబడుతోంది గాని అర్థం కావడం లేదు" అంటారు. మనం చెవుడు అనుకొని అరుస్తాము. అరిస్తే అచ్చులు పెరుగుతాయి గాని హల్లులు తేటపడవు. దగ్గరగా, ముఖం చూస్తూ, నిదానంగా మాట్లాడితే తెలుస్తుంది. మీ ఇంటి పెద్దలు అలా అంటుంటే ఒకసారి చెవి డాక్టరుకు చూపించండి. కారు స్టీరియో వైద్యం కాదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పిల్లనగ్రోవి, వీణ, బూర గురించి వ్రాశాడు. స్వరములు తేటగా వేరుపడకపోతే ఏమి వాయిస్తున్నారో వినేవానికి తెలియదు. బూర అస్పష్టంగా ధ్వనిస్తే ఎవడూ యుద్ధానికి సిద్ధపడడు అని ఆయన భావం. ఆత్మవరముల విషయంలో చెప్పిన మాట అది. అయినా మా డిక్కీలోని పెట్టెకు కూడా సరిగ్గా సరిపోయింది.

ఖర్చు లేని పనులు ముందు

జేబులో చెయ్యి పెట్టకముందు ఈ పనులు చేసి చూడండి.

మొదటిది, పాట ఉన్న ఫైలు. ఒక ఫోను నుండి ఇంకొక ఫోనుకు ఎన్నో చేతులు మారి, ప్రతిసారీ కుదించబడిన పాటను ఎంత ఖరీదైన స్పీకరూ బాగుచేయలేదు. ఎం.పి.3 అయితే 128 కన్నా 320 కె.బి.పి.ఎస్. మంచిది. పెన్‌డ్రైవు సెట్టులో చదవకపోతే అది చెడిపోయిందని పారవేయకండి. చాలా సెట్లు ఎఫ్.ఎ.టి.32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవును మాత్రమే చదువుతాయి.

రెండవది, సెట్టులోని మీటలు. బేస్, ట్రెబుల్ రెంటినీ సున్నా వద్ద ఉంచి, 'లౌడ్' అనే మీట ఆపి వినండి. మాట తేటపడకపోతే బేస్ రెండు మెట్లు తగ్గించండి. ట్రెబుల్ పెంచడం కన్నా ఇదే ఎక్కువ మేలు చేస్తుంది.

మూడవది, ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నది. దీనిని గురించి చివర చెబుతాను.

డబ్బు పెట్టవలసిన వరుస

చాలామంది ముందు వెలుగుతున్న పెద్ద తెర కొంటారు. తరువాత బేస్ బాక్స్ కొంటారు. స్పీకర్లకు డబ్బు మిగలదు. ఈ వరుసను తలక్రిందులు చేయాలి.

1. ముందు తలుపుల స్పీకర్లు: కారుతో వచ్చే స్పీకర్లు చాలావరకు చిన్న అయస్కాంతం, పలుచని కాగితపు గిన్నె గలవి. ఎండకు, వర్షపు తేమకు త్వరగా పాడవుతాయి. ముందుగా వీటిని మార్చండి. మధ్యలో చిన్న ట్వీటర్ ఉన్న కోయాక్సియల్ జత సామాన్య కుటుంబానికి చాలు. కొనేముందు కొలత చూడండి. 4, 5¼, 6, 6½ అంగుళాలని రకరకాలు ఉంటాయి. వెడల్పు మాత్రమే చూస్తే చాలదు, లోతు కూడా కొలవాలి. తలుపు అద్దాన్ని పూర్తిగా దించి కొలవండి. లేకపోతే అద్దం దింపినప్పుడు వెళ్ళి అయస్కాంతానికి తగులుతుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే వాట్లు చూసి మోసపోవద్దు. ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన వాట్లే నిలకడైనవి. వాట్ల కన్నా సెన్సిటివిటీ అనే అంకె ముఖ్యం. అది డెసిబెల్ లెక్కలో ఉంటుంది. 87 ఉన్న స్పీకరు కన్నా 90 ఉన్న స్పీకరు అదే కరెంటుతో మూడు డెసిబెల్‌లు ఎక్కువ పలుకుతుంది. ఆ మూడు డెసిబెల్‌లు యాంప్లిఫైయరుతో తెచ్చుకోవాలంటే దాని శక్తి రెండింతలు కావాలి. స్పీకరు జాగ్రత్తగా ఎంచుకుంటే యాంప్లిఫైయరు డబ్బు మిగులుతుందన్నమాట.

2. తలుపు: స్పీకరు ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనుకకూ అంతే పంపుతుంది. తలుపు లోపలి రేకులోని పెద్ద రంధ్రాల గుండా ఆ వెనుక శబ్దం వచ్చి ముందు శబ్దాన్ని కొట్టివేస్తుంది. అందుకే మంచి స్పీకరు కూడా తలుపులో పెట్టాక డొల్లగా పలుకుతుంది. తలుపు రేకును వేలితో తట్టండి. ఖంగుమంటే దానికి బ్యూటైల్ షీటు కావాలి. రేకంతా అంటించనక్కరలేదు. మధ్య భాగంలో పావు వంతు అంటించినా మోత చాలా తగ్గుతుంది. లోపలి రేకు రంధ్రాలను మూసివేస్తే క్రింది స్వరం దానంతట అదే నిండుగా వస్తుంది. చవకగా దొరికే తారు షీట్లు మన వేసవి ఎండకు కరిగి వాసన వస్తాయి. మరొక మాట: తలుపు అడుగున వర్షపు నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మూయకండి.

స్పీకరు క్రింద ప్లైవుడ్ రింగు పెడితే నీటికి ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు వాడండి, లేదా చెక్కకు రంగు బాగా పట్టించండి.

3. స్టీరియో సెట్టు: పాత సెట్టు పనిచేస్తుంటే దానిని మార్చే తొందర లేదు. మార్చవలసి వస్తే బ్లూటూత్, యు.ఎస్.బి. ఉన్న సాదా సెట్టు చాలు. సన్న సెట్టు ముఖభాగం సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పెద్దది అంతే వెడల్పు, 100 ఎత్తు. మీ డాష్‌బోర్డులో ఏది పడుతుందో కొలిచి కొనండి. కొత్త రకం కార్లలో తెర కారుతో కలిసిపోయి ఉంటుంది. దానిని కదపక స్పీకర్లు మాత్రమే మార్చుకోవడం ఉత్తమం.

పెట్టె మీద "50 వాట్లు × 4" అని ఉంటుంది. నమ్మవద్దు. ఇంజను నడుస్తుండగా కారులో ఉండేది సుమారు 14 వోల్టులు. ఆ వోల్టేజితో లోపలి యాంప్లిఫైయరు మామూలు 4 ఓముల స్పీకరుకు నిజంగా ఇవ్వగలిగేది 15 నుండి 20 వాట్లు మాత్రమే. ఇంటివారు పాటలు, ప్రసంగాలు వినడానికి అది సమృద్ధిగా సరిపోతుంది.

4. యాంప్లిఫైయరు, బేస్: ఇవి చివరివి. పై మూడు పనులు చేసి ఆరు నెలలు విన్నాక, ఇంకా కావాలనిపించి, చేతిలో డబ్బు ఉంటే అప్పుడు చూడవచ్చు. చాలామందికి ఆ అవసరం రాదు.

వైరు విషయంలో కాపీనం వద్దు

స్పీకరులో రెండు వేలు ఆదా చేయవచ్చు. వైరులో రెండు వందలు ఆదా చేయరాదు. మా అనుభవం మీకు తెలిసిందే గనుక ఈ సంగతులు గుర్తుంచుకోండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి. బ్యాటరీ నుండి ఏ వైరు లాగినా బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఉండేది యాంప్లిఫైయరును కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా కాపాడటానికి. వైరు రేకులోంచి పోయే చోట రబ్బరు గ్రోమెట్ తప్పదు. అల్యూమినియానికి రాగి పూత పూసిన వైరు చవకగా దొరుకుతుంది. అదే లావు గల అసలు రాగి వైరు మోసినంత కరెంటు అది మోయలేదు. కనుక రాగి వైరే అడిగి తీసుకోండి.

కారు వైర్లు కోయనివ్వవద్దు. ప్రతి కారుకు తగిన కప్లరు దొరుకుతుంది. బజారులో కొనే సెట్లకు రంగుల గుర్తు చాలావరకు ఒక్కటే: పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం త్రిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనుక ఎడమ, ఊదా వెనుక కుడి. ఇందులో నల్లచార ఉన్నది నెగెటివ్. మీరు స్వయంగా పని చేయకపోయినా ఇవి తెలిసి ఉంటే ప్రక్కన నిలబడి చూడగలరు. ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో పసుపు కనెక్టర్ల జోలికి ఎవరినీ పోనివ్వకండి.

స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి ముందుకు వస్తుంటే ఇంకొకటి వెనుకకు పోతుంది. క్రింది స్వరం మాయమవుతుంది. అప్పుడు బేస్ లేదని బాక్స్ కొనేవారు ఎందరో! గుర్తు చెరిగిపోతే గడియారంలో వేసే 1.5 వోల్టు బ్యాటరీతో పరీక్షించవచ్చు. స్పీకరుకు ఒక్క క్షణం తాకిస్తే గిన్నె బయటకు కదలాలి. అప్పుడు బ్యాటరీ ప్లస్ తగిలినదే స్పీకరు ప్లస్. ఈ పరీక్ష మా అబ్బాయికి ఎంత నచ్చిందంటే ఇంట్లోని పాత రేడియో స్పీకర్లన్నిటినీ పరీక్షించాడు.

మా లెక్క

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పించిన సంగతి మనకు తెలిసినదే (లూకా 14:28-30). మేము రెండవసారి కూర్చుని వ్రాసుకున్న లెక్క ఇది:

ముందు స్పీకర్ల జత – 2,600
స్టీరియో సెట్టు – 2,900
బ్యూటైల్ షీట్లు – 900
వైరు, ఫ్యూజు, కప్లరు, గ్రోమెట్లు – 450
కూలి – 700
మొత్తం – 7,550 రూపాయలు

ఆ పెద్దాయన కూలి వద్దన్నారు. పనివాడు జీతమునకు పాత్రుడని ఆయన చేతిలో పెట్టి వచ్చాను. పాత బేస్ బాక్స్, యాంప్లిఫైయరు కలిపి 4,000కు అమ్మాము. అంటే మొదటిసారి పోగొట్టుకున్నది 5,500 రూపాయలు. దానిని మేము నేర్చుకున్న చదువుకు కట్టిన ఫీజు అనుకున్నాము. మీ ఊరిలో ధరలు వేరుగా ఉండవచ్చు. వరుస మాత్రం మారదు. ఒకేసారి డబ్బు లేకపోతే ఈ నెల స్పీకర్లు, పంట చేతికి వచ్చాక సెట్టు అని విడివిడిగా చేసుకోవచ్చు. దీనికి వాయిదాల అప్పు అవసరం లేదు.

ఎంత శబ్దం?

యువకులకు ప్రేమతో ఒక మాట. చెవి లోపలి సన్నని కణాలు ఒకసారి చచ్చిపోతే మరల పుట్టవు. పెద్దవారు వారానికి 40 గంటల వరకు 80 డెసిబెల్‌లు వినవచ్చునని, పిల్లలకు 75 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రమాణం పెట్టింది. కర్మాగారాల్లో పనివారి కోసం అమెరికాలో పాటించమనే లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లు ఎనిమిది గంటలు వినవచ్చు. ఆపైన మూడేసి డెసిబెల్‌లు పెరిగిన కొద్దీ సమయం సగమవుతుంది. 100 వద్ద పదిహేను నిమిషాలే! ప్రక్కవారితో మాట్లాడటానికి గొంతు పెంచవలసి వస్తే శబ్దం ఎక్కువైందని గుర్తు. అంబులెన్సు సైరను, వెనుక లారీ హారను వినబడకపోతే అది ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

పొరుగువాని సంగతి కూడా ఉన్నది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. క్రైస్తవ గీతమే గదా అని తలుపులు తెరిచి వీధంతా మోగిస్తే పొరుగువానికి మన ప్రేమ వినబడదు, మోత మాత్రమే వినబడుతుంది. ఏలీయా కొండ మీద నిలిచినప్పుడు బలమైన గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. ఆ తరువాత వచ్చిన మెల్లని స్వరం విని ఆయన తన ముఖం కప్పుకొన్నాడు (1 రాజులు 19).

చివరి మాట

పని పూర్తి అయిన తరువాత ఆ పెద్దాయన మా అబ్బాయిని ప్రశ్న అడిగారు. "బాబూ, ఈ కారులో మాట అందరికన్నా తేటగా ఎక్కడ వినబడుతుంది?" మా వాడు ఆలోచించి, "ముందు సీటులో" అన్నాడు. "అక్కడ ఎవరు కూర్చుంటున్నారు?" అన్నారాయన. మా వాడు తల వంచుకున్నాడు. కారు కొన్న రోజు నుండి ఆ సీటు వాడిదే.

నాన్నగారి దగ్గర ఒక పాత క్యాసెట్టు ఉంది. 1986లో మా గుడి జూబిలీ ఆరాధనలో గాయక బృందం పాడిన కీర్తనలు అందులో ఉన్నాయి. మా అబ్బాయి పక్కింటి టేప్ రికార్డరు తెచ్చి, హెడ్‌ఫోను రంధ్రం నుండి వైరుతో కంప్యూటరుకు కలిపి, ఆ గంటసేపు క్యాసెట్టును గంటసేపూ కూర్చుని ఎక్కించాడు. మీ ఇళ్ళలో అలాంటి క్యాసెట్లుంటే ఇప్పుడే ఎక్కించుకోండి. టేపు బూజు పట్టాక విచారించి లాభం లేదు. 320 కె.బి.పి.ఎస్.లో ఒక గంట పాటలకు 150 మెగాబైట్లు కూడా పట్టవు. చిన్న పెన్‌డ్రైవులో పెట్టెడు క్యాసెట్లు పడతాయి.

ఆదివారం ఉదయం మా వాడు ముందు తలుపు తెరిచి, "తాతయ్యా, మీరిక్కడ కూర్చోండి" అన్నాడు. తాను వెనుకకు పోయాడు. ఊరు దాటాక ఆ క్యాసెట్టు పాటలు పెట్టాడు. శబ్దం ఎక్కువ పెట్టలేదు. నాన్నగారు మొదట కదలకుండా విన్నారు. తరువాత వేలితో మోకాలి మీద తాళం వేశారు. రెండవ చరణం వచ్చేసరికి చెయ్యి ఆపి, "అదిగో, అక్కడ మీ అమ్మ శ్రుతి కాస్త పైకి పోయింది. అప్పుడే చెప్పాను, వినలేదు" అన్నారు.

మా అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళి అప్పటికి పదకొండేళ్ళు. ఆ ఇరవై గొంతుకలలో ఆమె గొంతుక ఏదో నాకు తెలియలేదు. ఆయనకు తెలిసింది. గుడి వచ్చేవరకు ఎవరమూ మాట్లాడలేదు.

వేపచెట్టు క్రింద ఆ యువకునికి ఇంతా చెప్పాను. అతడు కొంతసేపు ఊరకుండి, "మా నాయనమ్మ కూడా వెనుకే కూర్చుంటుంది బాబాయ్‌గారూ" అన్నాడు. వాయిదాల కాగితాల మీద సంతకం చేయలేదు. మొన్న స్పీకర్లు మాత్రం కొన్నాడు. వాటిని బిగించేది మా అబ్బాయే.